గాలి తోసేసిందా? పక్కగాలిలో చిన్న విమానాల టేకాఫ్ ప్రమాదాలు

(బల్ల మీద నల్ల గొడుగు, పక్కన చిన్న విమానం బొమ్మ. నేరుగా మాటతో మొదలు.)

నమస్కారమండీ. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడ కూర్చుని చూస్తున్నా అందరికీ నమస్కారం.

ఎక్కడైనా ఓ చిన్న విమానం టేకాఫ్‌లో రన్‌వే దిగిపోయి గడ్డిలో బోల్తా పడిందనుకోండి. మర్నాడు వార్తలో ఒకటే మాట: "బలమైన ఈదురుగాలులకు పక్కకు కొట్టుకుపోయింది." టీ కొట్టు దగ్గర పెద్దాయన కూడా అదే అంటాడు: "అంత చిన్న విమానం బాబూ, గాలికి ఆగుతుందేటి?" పెద్దాయనతో నాకు పేచీ లేదు. వార్త రాసేవాళ్ళతోనే ఉంది. ఈ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే రన్‌వే మీద పరుగు తీస్తూ పట్టు తప్పిన విమానం చాలాసార్లు గాలి తోసిన వైపు పోదు. గాలి ఎటునుంచి వస్తోందో అటే పోతుంది. గాలికి ఎదురెళ్తుంది! తోసేస్తే ఎదురెలా వెళ్తుందండీ?

ఈ వీడియో అంతా ఆ ప్రశ్న గురించే. రెక్క మీద లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎలా పుడుతుంది, రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోకపలక) ఎక్కడుంటుంది, ఎయిలరాన్ (రెక్క చివర వెనక అంచున కదిలే పలక) ఏం చేస్తుంది, ఇవన్నీ మీకు తెలిసినవే. అటు పోను.

ముందుగా పెద్ద విమానం కథ ఒకటి చెప్తాను, చిన్నది తర్వాత. 2008 డిసెంబర్ 20. అమెరికాలో డెన్వర్ విమానాశ్రయం. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 1404, బోయింగ్ 737, లోపల 115 మంది. రన్‌వే ఇంచుమించు ఉత్తరం వైపు. గాలి పడమటినుంచి, అంటే పైలట్‌కి ఎడమ చేతివైపునుంచి. టవర్ చెప్పిన గాలి 27 నాట్లు, అంటే గంటకి 50 కిలోమీటర్లు. విమానం పరుగు మధ్యలో ఉండగా తగిలిన విసురు 45 నాట్ల దాకా ఉందని దర్యాప్తులో తేలింది. గాలి తోసేయడమే నిజమైతే ఈ విమానం ఎటు పోవాలి? కుడివైపు. పోయింది మాత్రం ఎడమవైపు. రన్‌వే ఎడమ అంచు దాటి, గడ్డిలోంచి పోయి, నిప్పంటుకుంది. అదృష్టం, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన కారణం: కెప్టెన్ తన శిక్షణలో గానీ అనుభవంలో గానీ ఎరగనంత విసురు అది, విమానం రన్‌వే దిగడానికి నాలుగు సెకన్ల ముందు ఆయన రడ్డర్ వేయడం ఆపేశాడు.

అరవై టన్నుల దరిదాపుల్లో ఉండే బోయింగే గాలికి ఎదురు తిరిగిందంటే, నాలుగు సీట్ల సెస్నా 172 సంగతి చెప్పాలా? అది నిండా బరువు వేసుకున్నా 1,157 కిలోలు.

ఎందుకు ఎదురు తిరుగుతుంది? తోక వల్ల.

(విమానం బొమ్మ చేతిలోకి. చక్రాల దగ్గర వేలు పెట్టి చూపించాలి.)

ఇదిగో, నా వేలు ఉన్నచోట ప్రధాన చక్రాలు. పరుగు మీదున్న విమానం తిరగాలంటే ఇంచుమించు ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది. ఇప్పుడు చక్రాలకి ముందు ఎంత ఒళ్ళుందో చూడండి, వెనక ఎంతుందో చూడండి. ముందు ఇంజన్, చిన్న ముక్కు. వెనక పొడుగాటి ఒళ్ళు, దాని చివర నిలువుగా ఇంత పెద్ద రెక్క. గాలి ఎడమనుంచి కొడితే ముక్కు మీద కొంచెమే పడుతుంది, తోక మీద బాగా పడుతుంది. తోక కుడికి పోతుంది. తోక కుడికి పోతే ముక్కు? ఎడమకి. ముక్కు ఎటుంటే విమానం అటే పరుగు తీస్తుంది. గాలి నిజంగానే తోసింది, కానీ తోకని తోసింది. వార్తలో ఆ ఒక్క మాట రాస్తే నాకు ఏ బాధా లేదు.

దీనికి ఇంకోటి తోడవుతుంది. ఒంటి ఇంజన్ విమానాల్లో ఎక్కువ వాటికి ప్రొపెల్లర్, పైలట్ సీటులోంచి చూస్తే కుడివైపుగా తిరుగుతుంది. నిండా పవర్ ఇచ్చి తక్కువ వేగంలో ఉన్నప్పుడు అది ముక్కుని ఎడమకి లాగుతుంది. అంటే ఎడమనుంచి పక్కగాలి వచ్చినప్పుడు ప్రొపెల్లర్, గాలి రెండూ ఒకే వైపు లాగుతాయి. పైలట్ కుడికాలుతో రడ్డర్ పెడల్ నొక్కుతూనే ఉండాలి. ఎంత నొక్కాలన్నది ప్రతి సెకనూ మారుతుంది, ఎందుకంటే విసురు ప్రతి సెకనూ మారుతుంది.

తోకచక్రం విమానాలైతే ఇంకా కష్టం. బిజూ పట్నాయక్ గారి డకోటా గుర్తుందా? తండ్రిగారి వైపు మన గంజాం జిల్లా మనిషి. 1947లో ఇండోనేషియా వెళ్ళి అక్కడి నాయకుడు సుతాన్ స్యహరీర్‌ని విమానంలో తీసుకొచ్చిన ఘనత ఆయనది. ఆ డకోటా తోకచక్రం విమానం. అలాంటివాటిలో బరువు ప్రధాన చక్రాలకి వెనక ఉంటుంది. ముక్కు కాస్త పక్కకి తిరిగిందా, వెనక బరువు దాన్ని ఇంకా తిప్పుతుంది. చివరికి ఉన్నచోటే గిర్రున తిరిగి రెక్క నేలకి కొట్టుకుంటుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ముక్కుచక్రం విమానాలకి ఈ జబ్బు తక్కువ. అందుకే ఇప్పటి శిక్షణ విమానాలన్నీ దాదాపు ముక్కుచక్రానివే.

సరే, తోక సంగతి అయింది. ఇప్పుడు రెక్కలు. దీనికి గొడుగు కావాలి.

(గొడుగు తెరవాలి.)

గోపాల్‌పూర్ బీచ్‌లో వానాకాలం గొడుగు పట్టుకుని నడిచినవాళ్ళకి ఈ భాగం చెప్పకుండానే తెలుసు. ఎడమవైపు సముద్రం, గాలి ఎడమనుంచి. గొడుగు నిటారుగా పట్టుకుంటే ఏమవుతుంది? ఎడమ అంచు కిందికి గాలి దూరుతుంది. ఆ అంచు పైకి లేస్తుంది. మీరేం చేస్తారు? ఎవరూ నేర్పకుండానే గొడుగుని గాలివైపు వంచుతారు. ఎడమ అంచు కిందికి, గాలికి తల అడ్డం పెట్టినట్టు.

విమానం రెక్క కూడా అచ్చం ఇంతే. గాలి ఎడమనుంచి వస్తే ఎడమ రెక్క లేవబోతుంది. సెస్నాలాంటి పైరెక్క విమానంలో ఆ రెక్క కింద గాలికి బోలెడు చోటు. అందుకని పైలట్ యోక్‌ని, అంటే చేతిలోని స్టీరింగ్‌ని, గాలివైపు తిప్పుతాడు. రన్‌వే మొదట్లో నిలబడి ఉన్నప్పుడు పూర్తిగా, చివరిదాకా తిప్పేస్తాడు. ఎడమ ఎయిలరాన్ పైకి లేచి ఎడమ రెక్కని అణచి పెడుతుంది. గొడుగు వంచినట్టే.

అదే గొడుగుతో ఇప్పుడు పరుగు తీయండి. వేగం పెరిగేకొద్దీ గొడుగు చేతిని గట్టిగా లాగుతుంది, చిన్న వంపుకే పెద్ద జవాబు చెప్తుంది. మొదట ఎంత వంచారో అంతే ఉంచితే అది మిమ్మల్నే పక్కకి లాక్కుపోతుంది. అందుకే పరుగులో కొంచెం కొంచెంగా నిటారు చేస్తారు. పైలట్ కూడా వేగం పెరిగేకొద్దీ యోక్‌ని కొంచెం కొంచెంగా వెనక్కి తెస్తాడు, కానీ పూర్తిగా వదలడు. కొత్తవాళ్ళ ఇబ్బంది ఇక్కడే. మొదట చక్కగా తిప్పుతారు, పరుగు మొదలవగానే కళ్ళు స్పీడు మీటరు మీదికి పోతాయి, చెయ్యి మాత్రం దానంతటది మధ్యకి వచ్చేస్తుంది.

గొడుగు గురించి ఇంకొక్క మాట, ఇది అసలైంది. పెద్ద గొడుగు పట్టుకున్నప్పుడు ఒక్కసారిగా విసురు వస్తే కాళ్ళు తేలిపోయినట్టు అనిపిస్తుంది కదా? నేల మీదే ఉంటారు, కానీ చెప్పు ఇసుకలో జారుతుంది. ఒంటి బరువు నేలమీద సగమే ఉంది, మిగతా సగం గొడుగు మోస్తోంది. అలాంటప్పుడు మిమ్మల్ని పక్కకి నెట్టడం చిన్నపిల్లాడికి కూడా చేతనవుతుంది.

పక్కగాలిలో టేకాఫ్‌కి పెద్ద ప్రమాదం ఈ సగం నేల, సగం గాలి సెకన్లలోనే ఉంది. మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. విమానం నేల మీద పూర్తిగా ఉన్నప్పుడు చక్రాలు పట్టుకుంటాయి. గాలిలో పూర్తిగా ఉన్నప్పుడు రెక్కలు పట్టుకుంటాయి. మధ్యలో ఉన్నప్పుడు రెండూ సగం సగమే. నిలకడగా వీచే గాలి అయితే ఆ మధ్యకాలం రెండు మూడు సెకన్లలో దాటిపోతుంది. విసురుగాలి మాత్రం విమానాన్ని ఎత్తుతుంది, దింపుతుంది, మళ్ళీ ఎత్తుతుంది.

లెక్కతో చూద్దాం. మన రాజధాని భువనేశ్వర్ రన్‌వే 14/32. పధ్నాలుగు వైపు టేకాఫ్ అంటే ముక్కు 140 డిగ్రీలకి. వేసవిలో మన తీరం మీద దక్షిణపు గాలి మామూలే కదా, గాలి 200 డిగ్రీలనుంచి 20 నాట్లు అనుకుందాం. తేడా 60 డిగ్రీలు.

(తెర మీద: రన్‌వే గీత, 60 డిగ్రీల బాణం.)

60 డిగ్రీల దగ్గర పక్కగాలి 87 శాతం, అంటే 17 నాట్లు. ఎదురుగాలి సగం, 10 నాట్లు. ఇప్పుడు విసురు వచ్చి గాలి 30 అయింది. పక్కగాలి 26కి పోయింది, ఎదురుగాలి 15కి. ఎదురుగాలి పెరిగింది అయిదు నాట్లే. అయిదే కదా అనుకుంటాం.

సెస్నా 172ని 55 నాట్ల దగ్గర ముక్కు లేపమని పుస్తకం చెప్తుంది. మనం పరుగులో 50 దగ్గర ఉన్నాం. విసురు తగిలింది. రెక్కలకి ఒక్కసారిగా 55 దొరికింది. లిఫ్ట్ వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి అయిదు నాట్లకే లిఫ్ట్ అయిదో వంతు పెరిగింది. పైలట్ ఇంకా లాగలేదు, విమానమే లేచింది. మీటరో, మీటరున్నరో ఎత్తు. పైలట్‌కి "ఆహా, లేచింది" అనిపిస్తుంది. లేపింది ఇంజన్ కాదు, గాలి. గాలి ఇచ్చింది గాలే తీసుకుంటుంది. రెండు సెకన్లలో విసురు తగ్గింది, మళ్ళీ 50. విమానం కిందికి దిగుతోంది.

ఈ రెండు సెకన్లలో ఇంకోటి జరిగింది. చక్రాలు నేల వదిలాయి కదా, ఇప్పుడు విమానాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు, గాలితోపాటు పక్కకి జారడం మొదలైంది. ఇక్కడ మాత్రం గాలి తోస్తుంది, ఒప్పుకుంటాను. జారుతూనే చక్రాలు మళ్ళీ నేలకి తగిలాయి. చక్రం ముందుకి దొర్లుతుంది గానీ పక్కకి దొర్లదు. టైరు రన్‌వే మీద అడ్డంగా ఈడ్చుకుంటుంది, నల్లటి వాత పడుతుంది, రబ్బరు కాలిన వాసన. గాలికి అవతలివైపున్న చక్రం కాలు మీద బరువంతా పడుతుంది. ఆ కాలైనా వంగుతుంది, లేదా విమానం దాని మీదుగా అటువైపు ఒరిగి రెక్క నేలకి తగులుతుంది.

మరో దారి ఇంతకంటే ఘోరం. కిందికి దిగుతోందని పైలట్ భయపడి యోక్ వెనక్కి లాగుతాడు. మనిషన్నవాడెవడైనా లాగుతాడు. 172 రెక్క ఫ్లాప్‌లు (వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా 48 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే లిఫ్ట్ కోల్పోతుంది. మనం ఉన్నది 50. లాగితే ముక్కు లేస్తుంది, రెక్కకీ గాలికీ మధ్య కోణం పదిహేను పదహారు డిగ్రీలు దాటుతుంది, లిఫ్ట్ తెగిపోతుంది. రెండు రెక్కలూ ఒకేసారి తెగవు, ఒకటి ముందు కూలుతుంది. నేలకి దగ్గరగా ఉన్నంతసేపు గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల విమానం తన శక్తికి మించి తేలుతుంది కూడా. ఈ రెక్క కొసనుంచి ఆ రెక్క కొసదాకా ఉన్న పొడవంత ఎత్తుకి పోయేసరికి, 172కి అది 11 మీటర్లు, ఆ సాయం ఆగిపోతుంది.

1996 ఏప్రిల్ 11న అమెరికాలో షయాన్ దగ్గర ఏడేళ్ళ జెస్సికా డుబ్రాఫ్ ఉన్న సెస్నా 177 టేకాఫ్ అయిన కొద్దిసేపటికే కూలింది. పాప, తండ్రి, శిక్షకుడు ముగ్గురూ పోయారు. ఉరుములతో వాన వచ్చేస్తోంది, విసురుగాలి, విమానంలో ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువు, ఊరు సముద్రానికి 1,800 మీటర్లకి పైనే ఉంది. దర్యాప్తు చెప్పింది స్టాల్ అని, దాని వెనక ఉన్నది అలాంటి వాతావరణంలో బయల్దేరాలన్న నిర్ణయం అని. ఆ పాప కథ చదివినప్పుడు మనసు చాలా పాడవుతుంది నాకు. కొన్ని నిమిషాలు ఆగి ఉంటే వాన దాటిపోయేదేమో.

ఇప్పుడు పైలట్ల మధ్యే ఉన్న ఒక అపోహ. 172 పుస్తకంలో "డెమాన్‌స్ట్రేటెడ్ క్రాస్‌విండ్ 15 నాట్లు" అని ఉంటుంది. పాత సెస్నా 152కి 12, డైమండ్ డీఏ40కి 20, సెస్నా క్యారవాన్‌కి కూడా 20. దీన్ని కొందరు చట్టంలో పెట్టిన గీత అనుకుంటారు. ఇంకొందరు విమానం హామీ ఇచ్చిన సంఖ్య అనుకుంటారు. రెండూ తప్పే. కంపెనీ పరీక్ష పైలట్ ఒకరోజు అంత పక్కగాలిలో దింపి, లేపి చూపించాడని మాత్రమే దాని అర్థం. చూపించమని అమెరికాలో ఎన్నో ఏళ్ళు నడిచిన నిబంధన అడిగిందైతే ల్యాండింగ్ స్థితిలో స్టాల్ వేగానికి అయిదో వంతే. అంటే 40 నాట్ల స్టాల్ ఉన్న విమానానికి 8. ఆ పరీక్ష చేసినవాడు ఆరితేరిన పైలట్. ముప్పై గంటలు ఎగిరిన కుర్రాడికి అదే సంఖ్య ఎలా వర్తిస్తుంది చెప్పండి?

వాతావరణ రిపోర్టు విషయంలోనూ ఇలాంటిదే ఉంది. మెటార్ అనే ఆ విమానాశ్రయ రిపోర్టులో విసురు రాయాలంటే సగటు గాలికంటే కనీసం 10 నాట్లు ఎక్కువ ఉండాలి. సగటు 12 ఉండి విసురు 20 దాకా వస్తుంటే ఆ రిపోర్టులో ఉత్త 12 అనే ఉంటుంది. విసురు రాయలేదు కాబట్టి లేదనుకుంటే, పోయింది.

టవర్ లేని రన్‌వే దగ్గర విండ్‌సాకే (గాలి ఎటో చూపే గుడ్డ గొట్టం) దిక్కు. అంతర్జాతీయ కొలత ప్రకారం దాని పొడవు కనీసం 3.6 మీటర్లు, పెద్ద మూతి 0.9 మీటర్లు. ఎటు చూస్తోందన్నది అందరూ గమనిస్తారు. ఎలా ఊగుతోందో కూడా చూడాలి. నిండుగా ఉబ్బి స్థిరంగా ఉంటే గాలి ఎక్కువైనా నిలకడగా ఉంది. లేచి, వేలాడి, మళ్ళీ లేచి, అటూ ఇటూ తిరుగుతుంటే విసురుగాలి. పైగా అది ఉన్నది ఒక్కచోట. అవతలి చివర చెట్ల వరస అయిపోయి ఖాళీ వచ్చేచోట గాలి ఇంకోలా ఉంటుంది. షెడ్డు చాటున పరుగు మొదలుపెట్టి, చాటు దాటగానే ముక్కు గాలివైపు తిరిగిపోవడం పైలట్లకి బాగా తెలిసిన సంగతి.

మన ప్రాంతంలో ఇదంతా ఇంకా బాగా కనిపిస్తుంది. బరంపురం పక్కన రంగెయిలుండ ఎయిర్‌స్ట్రిప్ సముద్రానికి దగ్గర. పొద్దున్న ఒక గాలి, మధ్యాహ్నానికి సముద్రపుగాలి లోపలికి వస్తుంది, దిక్కే మారిపోతుంది. పొద్దున్న ఎదురుగాలి అయినది మధ్యాహ్నం పక్కగాలి కావచ్చు. పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు. అంత ఎత్తు కొండ దాటి వచ్చిన గాలి ఇవతలి పక్క సుడులు తిరుగుతుంది.

అన్నిటికంటే ప్రమాదం కాలబైశాఖి, వేసవి సాయంత్రాల ఉరుముల గాలివాన. రెండేళ్ళకోసారి చైత్రంలో బరంపురం ఠాకురాణి యాత్ర జరిగే రోజులు గుర్తు తెచ్చుకోండి. సాయంత్రం నాలుగైదింటికి వాయవ్యాన మబ్బు నల్లబడుతుంది. వాన చుక్క పడదు. అంతలోనే చల్లటి గాలి ఒక్కసారి విసిరి పందిరి గుడ్డలు లేచిపోతాయి. మబ్బులోంచి కిందికి కురిసిన చల్లగాలి నేలకి తగిలి నలువైపులా పరచుకుంటుంది కాబట్టి అది వానకంటే ముందే వచ్చేస్తుంది. మబ్బు ఇంకా పది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండగానే రావచ్చు. "వాన రాకముందే లేచిపోదాం" అని తొందరపడేవాడికి సరిగ్గా పరుగు మధ్యలో తగిలేది అదే.

జయపురం సంగతి వేరే. భువనేశ్వర్‌నుంచి అక్కడికి తొమ్మిది సీట్ల క్యారవాన్ విమానాలు నడిచాయి కదా, 2022లో మొదలై. జయపురం సముద్రానికి సుమారు 600 మీటర్ల ఎత్తు. 35 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలుచదనం సుమారు 1,460 మీటర్ల (4,800 అడుగుల) ఎత్తులో ఉన్నట్టే. మన 172 స్పీడు మీటరు మీద అదే 55 చూపించినా నేల మీద అసలు వేగం ఏడు శాతం ఎక్కువ ఉండాలి. ఇంజన్ బలమూ తగ్గుతుంది. పరుగు పొడుగవుతుంది, సగం నేల సగం గాలి సెకన్లు పెరుగుతాయి.

టైం అయిపోతోంది, పైలట్ చేసేది గబగబా చెప్పేస్తాను. గాలివైపు యోక్ పూర్తిగా. పవర్ నెమ్మదిగా, ఒక్కసారిగా వద్దు. రడ్డర్‌తో మధ్యగీత మీదే. ముక్కుచక్రం మీద కాస్త బరువు ఉంచాలి, విమానం తనంతట తను లేవబోతే లేవనివ్వకూడదు. మామూలుకంటే అయిదు నాట్లో, విసురు తేడాలో సగమో ఎక్కువ వేగం వచ్చేదాకా ఆగి, అప్పుడు తటపటాయించకుండా ఒక్కసారి శుభ్రంగా లేపాలి. లేచాక ముక్కుని గాలివైపు కాస్త తిప్పి, రెక్కలు సమంగా పెట్టి, రన్‌వే గీత మీదుగానే పోవాలి. మళ్ళీ నేలకి తగలనివ్వకూడదు. రడ్డర్ పెడల్ పూర్తిగా నొక్కినా ముక్కు నిలవకపోతే వెంటనే థ్రాటిల్ మూసేయాలి. ఆ గాలి ఆ విమానానికి ఎక్కువ, అంతే.

"అన్ని దిక్కులకీ రన్‌వేలు ఎందుకు కట్టరు?" అని చాలామంది అడుగుతున్నారు. డబ్బు, స్థలం. అంతర్జాతీయ సూచన ఏమిటంటే, ఆ విమానాశ్రయానికి వచ్చే విమానాలకి నూటికి 95 పాళ్ళు సమయం పక్కగాలి హద్దులో ఉండేలా దిక్కు ఎంచుకోవాలని. పొట్టి రన్‌వే చాలే చిన్న విమానాలకి ఆ హద్దు 10 నాట్లే. మిగతా అయిదు పాళ్ళు, అంటే ఏడాదికి పద్దెనిమిది రోజులంత సమయం, ఆ హద్దు దాటే అవకాశం ముందే ఒప్పుకుని కట్టిన రన్‌వేలు ఇవి.

ఈసారి ఎక్కడైనా చిన్న విమానం టేకాఫ్‌కి రన్‌వే మొదట్లో నిలబడితే రెక్కల చివర వెనక అంచు చూడండి. ఒకవైపు పలక పైకి లేచి ఉంటే పైలట్ గొడుగు వంచాడన్నమాట, గాలి ఆ వైపునుంచే వస్తోంది. రెండూ సమంగా ఉండి, విండ్‌సాక్ మాత్రం అడ్డంగా ఊగుతుంటే, ఆ పైలట్ ఇంకా సిద్ధంగా లేడు.